దానంగా వచ్చిన దీపం

గత రమజానుకు పది రోజుల ముందు మేము ఒక పల్లెలోని మస్జిదులో ఇషా నమాజు చేశాము. చిన్న మస్జిదు, నాలుగు వరుసలు నిండితే లోపల ఇక చోటుండదు. రెండవ రకాతు నడుస్తుండగా కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, చీకటి కమ్మింది, ఇమామ్ గారి ఖిరాఅత్ మాత్రం ఆగలేదు. నమాజు ముగిశాక ఎవరో సెల్‌ఫోన్ లైటు వేశారు. సాయంత్రం కప్పు మీద రెండు సోలార్ ప్యానెళ్ళు చూసిన గుర్తుతో “సోలారు ఉన్నది కదా?” అని అడిగాము. వెంటనే ఎవరూ బదులు చెప్పలేదు.

ఆ ప్యానెళ్ళూ బ్యాటరీలూ మూడేళ్ళ క్రితం వచ్చాయట. జిద్దాలో డ్రైవరుగా పనిచేస్తున్న ఆ ఊరి యువకుడు, గతించిన తన తండ్రి పేరిట సదఖయె జారియాగా ఉండాలని డబ్బు పంపాడు. మొదటి రమజాను హాయిగా గడిచింది. రెండవ ఏడు కరెంటు పోతే దీపాలు అరగంట నిలిచేవి. ఆ తరువాత అదీ లేదు. అతడు ఫోను చేసినప్పుడల్లా “చాచా, మస్జిదులో లైట్లు వెలుగుతున్నాయా?” అని అడుగుతాడు. “అల్‌హందులిల్లాహ్, వెలుగుతున్నాయి బేటా” అని ముతవల్లీ సాహెబ్ చెబుతూ వచ్చారు. కరెంటు ఉన్నంతసేపు వెలుగుతూనే ఉన్నాయి మరి!

మరునాడు ఉదయం అల్మారా తెరిపించి చూశాము. తాళంచెవి ముతవల్లీ గారి ఇంట్లో ఉన్నది. గాలి ఆడని చెక్క అల్మారాలో, కింది అరలో రెండు బ్యాటరీలు, పై అరలో ఖుర్‌ఆన్ షరీఫ్ ప్రతులు. బ్యాటరీల టెర్మినళ్ళ మీద తెల్లని పొడి పేరుకొని ఉన్నది. నీటి మట్టం చూపే తేలుడు గుర్తులు అన్నీ అడుగుకు దిగిపోయాయి. మూడేళ్ళలో ఒక్కసారైనా డిస్టిల్డ్ వాటర్ పోసినవారు లేరు. “పోయాలని నాకు ఎవరూ చెప్పలేదు సాబ్” అన్నారు మౌజన్ సాహెబ్. ఆ మాట నిజమే. బిగించడానికి వచ్చినవారు స్విచ్ ఎక్కడున్నదో చూపించి వెళ్ళిపోయారు. మన ఇళ్ళలో ఇన్వర్టరు బ్యాటరీకి నీళ్ళు తగ్గాయని గుర్తుచేసేది సాధారణంగా ఇల్లాలే. మస్జిదుకు అటువంటి మనిషి లేరు.

నీళ్ళు పోయకపోవడం ఒక్కటే కారణం కాదు. మొదటి రోజు నుండీ లెక్క తప్పింది. అక్కడున్నవి 12 వోల్టుల, 150 యాంపియర్-అవర్ల బ్యాటరీలు. ఈ రెండు అంకెలనూ గుణిస్తే ఒక్కొక్కటి 1,800 వాట్-అవర్లు, రెండూ కలిపి 3,600. కాగితం మీద ఇది మూడున్నర యూనిట్లకు పైమాటే. కాని సీసం బ్యాటరీలో ఉన్నదంతా తోడుకోరాదు. రోజూ సగానికి మించి తోడితే దాని ఆయుష్షు వేగంగా హరించుకుపోతుంది. ఆ సగంలోనూ ఇన్వర్టరు కొంత తినేస్తుంది. మిగిలి చేతికందేది సుమారు 1,500. దీనిని బ్యాటరీ బ్యాంకు అంటారు గాని, ఇది వడ్డీ ఇవ్వని బ్యాంకు. పైగా వేసిన ప్రతిసారీ కొంత తరుగు తీసుకుంటుంది!

ఇక ఖర్చు వైపు చూద్దాము. 75 వాట్ల పాత ఫ్యాన్లు ఆరు, 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు ఎనిమిది, యాంప్లిఫయరు 60 వాట్లు. మొత్తం 670 వాట్లు. కరెంటు అసలే రాని రాత్రి అనుకుంటే ఇషా, తరావీహ్ కలిపి రెండు గంటలు, ఫజ్ర్‌కు ఒక గంట: 2,010 వాట్-అవర్లు. ఉన్నది 1,500. కోతల కాలంలో ప్రతి రాత్రీ బ్యాటరీ అడుగంటా తోడుతూ వచ్చారన్నమాట.

ఇటువంటప్పుడు “ఇంకో రెండు బ్యాటరీలు వేద్దాం, ఎవరైనా దాత దొరుకుతారు” అనడం మనకు అలవాటు. మేము ఫ్యాన్లు మార్చమన్నాము. బీఎల్‌డీసీ ఫ్యాన్ సుమారు 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. ఆరు మారిస్తే మొత్తం భారం 400 వాట్లకు దిగుతుంది. మూడు గంటలకు 1,200. ఉన్నన్ని బ్యాటరీలతోనే రాత్రి గడిచిపోతుంది, కరెంటు బిల్లూ తగ్గుతుంది.

అమెరికాలో ఆర్‌వీలనే ఇంటిబండ్లలో తిరిగేవారు ఈ విషయంలో మనకంటే మెలకువగా ఉంటారు. మంచం, వంటగది అన్నీ ఉన్న ఆ బండిని తీసుకొని, కరెంటు తీగ చేరని ఎడారిలో రోజుల తరబడి ఉంటారు. కప్పు మీద ప్యానెళ్ళు, మంచం కింద బ్యాటరీలు. లోనికెంత వచ్చింది, బయటికెంత పోయింది అని చూపే చిన్న మీటరు గోడకు ఉంటుంది. అక్కడ అర్ధరాత్రి ఫ్రిజ్ ఆగిపోతే పిలవడానికి పొరుగిల్లు లేదు కనుక, ప్యానెళ్ళెన్ని అని అడగడానికి ముందే రాత్రికి ఎంత కావాలో లెక్క వేసుకుంటారు. మన మస్జిదుకు ఆ మీటరు లేకపోయినా, కొన్ని వందల రూపాయల మల్టీమీటరు చాలు. కొంతసేపు వాడకుండా ఉంచిన బ్యాటరీ సుమారు 12.7 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్లు, 12.2కు వచ్చిందంటే సగం అయిపోయినట్లే.

తరువాత కప్పు మీదికి ఎక్కాము. 330 వాట్ల ప్యానెళ్ళు రెండు, మంచివే. మబ్బులేని రోజున రెండూ కలిసి రెండున్నర యూనిట్ల దాకా ఇవ్వగలవు; మన అవసరానికి చాలు. కాని వాటిని మస్జిదు ముఖానికి సరిగా, పడమటి వైపు వాల్చి బిగించారు. నమాజుకు మన ఖిబ్లా పడమరే గాని, తెలుగు నేల మీద ప్యానెల్ తిరగవలసిన దిక్కు దక్షిణం. వాలు పదిహేను, పదిహేడు డిగ్రీలు. అదీగాక పొద్దుటిపూట ఒక ప్యానెల్ మీద మీనారు నీడ పడుతున్నది. రెండింటినీ వరుసగా కలిపినచోట ఒకదానిపై నీడ పడితే రెండవదాని రాబడి కూడా దెబ్బతింటుంది. రెండడుగులు జరిపి తిప్పడానికి పట్టింది ఒక పూట పని. దుమ్ము కడగడం కూడా ఎండెక్కక ముందే చేయాలి. బోరు నీళ్ళు అద్దం మీద ఆరితే తెల్లని చారలు కడతాయి.

ఇళ్ళకు సోలారు పెట్టించుకునే పాఠకులకు ఇక్కడ ఒక మాట. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటికి ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయల రాయితీ ఉన్నది. మిగతా సొమ్ముకు వడ్డీ అప్పు వైపు చూడకుండా, చేతిలో ఉన్నదానితో ఒక కిలోవాటు వేసుకున్నా మేలే. అయితే బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకు కలిపే ఏర్పాటు, కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషి ప్రాణం కోసం పెట్టిన కట్టడి అది. కోతలో దీపం కావాలంటే బ్యాటరీ తప్పదు.

ఆ మస్జిదులో పాత బ్యాటరీలు తిరిగి లేవలేదు. వాటిలోని సీసానికి మంచి వెల ఉన్నది కనుక కొత్తవాటి ధరలో కొంత తగ్గింది. ఆ తగ్గింపు కూడా ఆ యువకుని దానంలోని భాగమేనని, దానిని సున్నం ఖర్చులో కలపరాదని మేము చెప్పాము. ముతవల్లీ గారు ఒప్పుకున్నారు. అసలు కష్టం ఆయనకు జిద్దాకు ఫోను చేయడంలో వచ్చింది. “నాలుగు రోజులాగి, వెలిగిన తరువాత చెబితే పోలేదా?” అన్నారు. దానం చేసినవాడు అడిగినది దీపం సంగతి. అతనికి రావలసినది ఉన్నమాట. అది కూడా అమానతే అన్నాము. అసర్ తరువాత ఆయనే చేశారు. అవతలి గొంతు కాసేపు పలకలేదు. తరువాత, “నీళ్ళు పోసే పని ఎవరికి అప్పగించారు చాచా?” అని అడిగాడట.

కొత్త బ్యాటరీలు ఇప్పుడు గాలి ఆడే వరండాలో, జాలీ వెనుక ఉన్నాయి. చార్జి అయ్యేటప్పుడు వాటి నుండి మండే వాయువు వస్తుంది కనుక ఊదు పొగ వేసే పళ్ళెం అటు పోకుండా చూడమన్నాము. తాళంచెవి మౌజన్ సాహెబ్ దగ్గర ఉన్నది. నెలకొక జుమా నాడు నీటి మట్టం చూసి, పోసినంత పోసి, ఆయన ఒక నోటుపుస్తకంలో తేదీ రాస్తున్నారు. ఆ పుస్తకం నమాజు వేళల పట్టిక పక్కన మేకుకు వేలాడుతున్నది.