బంతి కార్మికుని ఒప్పందం

సూరత్ నగరంలో సలాబత్‌పురా అనగానే గుర్తుకు వచ్చునది బట్ట. ఆ నగరపు మరమగ్గాల వద్ద ఒడియా సోదరుల ప్రక్కన వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుండి తరలివెళ్ళిన మన నేతపనివారు కూడ పని చేయుచున్నారు. రిజర్వేషన్ లేని పెట్టెలలో వారి ప్రయాణాన్ని మన రైల్వే సోదరులు చూచియున్నారు. వారు ఇండ్లకు పంపిన మనియార్డరులను మన తపాలా సోదరులు గుమ్మాల వద్ద చెల్లించియున్నారు. వారిలో అనేకులకు నెలజీతం లేదు, మీటరుకింత కూలి. మగ్గం ఆగిన నాడు కూలి ఆగును. యజమాని మారిన నాడు పాత బాకీ ఎవరిని అడగవలెనో తెలియదు.

ఫుట్‌బాల్ ఆటగాని గురించి వ్రాయబూని మగ్గంతో మొదలుపెట్టుట పాఠకులకు వింతగా తోచవచ్చును. కోట్లు గడించు కొద్దిమంది తారల సంగతి మేము చెప్పబోవుట లేదు. ఒక దేశంలో ఒక ఏడు, మరొక దేశంలో రెండేళ్ళు ఆడి పొట్టపోసుకొను సామాన్య వృత్తి ఆటగాడు, అందునా గోలు ముందు నిలబడు బ్యాక్, మా దృష్టిలో ఉన్నాడు. అతడు గోలు కొట్టడు, పడకుండ చూచును. తొంబది నిమిషాలు తప్పు చేయకున్నచో అతని పేరు ఎవరికీ తెలియదు. ఒక్క తప్పు చేసిన నాడు అన్ని పత్రికలలోను ఉండును. ఈ న్యాయం మన పాయింట్స్‌మన్‌కు, సార్టరుకు కొత్తది కాదు. అతని కొలువు ఒకటి రెండు సీజన్లకు వ్రాసుకొన్న కాగితం. పరదేశంలో వీసా కూడ ఆ కాగితానికే ముడిపడియుండును. మోకాలు దెబ్బతిని, వయస్సు ముప్పది మూడు దాటినచో ఆ కాగితాన్ని తిరిగి వ్రాయువారు అరుదు.

హైదరాబాదు అనుభవం చూడుడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినది. ఆనాటి జట్టు రక్షణశ్రేణిలో హువానన్ అను స్పెయిన్ దేశస్థుడు కలడు. అతడు 2016లో బెంగుళూరు జట్టుకై మన దేశం వచ్చి, అచ్చట ఏళ్ళ తరబడి ఆడి, పిదప హైదరాబాదు చేరినవాడు. విజయోత్సవం ముగిసి రెండేళ్ళు నిండకముందే ఆ క్లబ్బులో జీతాల బకాయిలు పేరుకొన్నవి. కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకొనరాదని ఫిఫా నిషేధించినది. విదేశీ ఆటగాళ్ళు సీజన్ నడుమనే వెడలిపోయిరి. మిగిలిన కుర్రవాళ్ళతో నెట్టుకొని వచ్చిన జట్టు 2023–24 పట్టికలో అట్టడుగున నిలిచినది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయినది. యజమానుల లెక్కల పుస్తకాలు తేల్చుట మా పని కాదు. అయితే విదేశీ ఆటగాడు బకాయికై ఫిఫా గడప ఎక్కగలడు. మైదానంలో గడ్డి కోసి నీళ్ళు పెట్టువాడు, జెర్సీలు ఉతుకువాడు ఏ గడప ఎక్కవలెను?

ఆటగానికి ఆ గడపయైనను ఊరక రాలేదు. ఫ్రాన్సులో ఒకప్పుడు ఆటగాడు ముప్పది ఐదేళ్ళు నిండువరకు క్లబ్బుకు కట్టుబడి ఉండవలసినదే. అమ్మకం వారి ఇష్టం. కామెరూన్ నుండి చదువుకై వచ్చి ఆటగాడైన ఎజెన్ న్జొ లెయా మొదలగువారు 1961లో ఆటగాళ్ళ సంఘం స్థాపించిరి. ఆటగాళ్ళు బానిసలని 1963లో బాహాటంగా అన్నందుకు రేమొన్ కోపా వంటి మేటి ఆటగాడు సస్పెండు అయ్యెను. 1969లో కాలపరిమితి గల ఒప్పందం సాధించిరి. 1972లో సమ్మె చేసిరి. 1973లో యాజమాన్యాలతో వృత్తి ఒడంబడిక కుదిరినది.

అదే 1973లో ఫ్రాన్సు రేవుపట్టణం లె ఆవ్ర్ చెంత, మారిషస్ నుండి వచ్చిన తెలుగు మూలాలు గల కుటుంబంలో వికాస్ ధొరాసూ పుట్టెను. అతడు బ్యాక్ కాడు, మైదానం నడుమ ఆడువాడు. లె ఆవ్ర్, లియోఁ, బోర్దో, ఇటలీలోని మిలాన్, పారిస్ — ఊరు వెంట ఊరు తిరిగినాడు. 2006 ప్రపంచ కప్పులో ఫ్రాన్సు జట్టులో ఉన్నాడు. ఆ అక్టోబరులోనే, శిక్షకుని బహిరంగంగా విమర్శించెనని, రెండవ జట్టుతో ఆడనన్నాడని పారిస్ క్లబ్బు అతనిని తొలగించెను. 1973 ఒడంబడిక తరువాత ఫ్రాన్సు అగ్రశ్రేణిలో ఒక ఆటగానిని ఆ విధంగా తొలగించుట అదియే మొదటిసారి అని ఆనాటి పత్రికలు వ్రాసినవి. ముప్పది మూడేళ్ళ కాలంలో మొదటిసారి! అతని తప్పొప్పుల మాట ఎట్లున్నను, ఆ ఒడంబడిక యాజమాన్యాల చేతిని అంతకాలం పట్టి ఉంచినదన్న విషయం మా దృష్టిలో పెద్దది. ప్రపంచ కప్పు ఆడినవానికే నోటి మాటకు కొలువు పోయిన తరువాత, పేరులేని బ్యాక్ సంగతి చెప్పనక్కరలేదు.

మన దేశంలో ఆటగానికి అండ మరొక రూపంలో దొరికినది. అది ప్రభుత్వశాఖ కొలువు. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు అట్టిదే. ఆ జట్టు నుండి కలకత్తా వెళ్ళి అచ్చటి మూడు పెద్ద క్లబ్బులకును ఆడిన బ్యాక్ సయ్యద్ నయీముద్దీన్, 1970 బాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన జట్టుకు నాయకుడు. పిదప ఢాకాలో శిక్షకుడు. 1958లో కలకత్తా లీగును గెలిచినది ఈస్టర్న్ రైల్వే. ఆ జట్టు ఆటగాడైన పి.కె. బెనర్జీ పెద్ద క్లబ్బులకు పోక చివరివరకు రైల్వేలోనే ఆడెను. కాలు విరిగినను ఒకటో తారీఖున జీతం అందును, రైల్వే ఆసుపత్రి ఉన్నది, పదవీ విరమణ తరువాత పింఛను ఉన్నది. శాఖల క్రీడలలో అంతా సవ్యమని మేము అనుట లేదు. అధికారి మెప్పుకై ఆడవలసిన కప్పులు, ఓడిన నాటి బదిలీలు మనకు తెలియనివి కావు. 2004 జనవరి 1 తరువాత చేరినవారికి పాత పింఛను కూడ పోయినది. అయినను ఆటగానిని ఉద్యోగిగా గుర్తించిన ఏర్పాటు అది.

2025లో లీగు హక్కుల ఒప్పందం సంగతి తేలక సూపర్ లీగ్ వాయిదా పడినప్పుడు కొన్ని క్లబ్బులు జీతాలు నిలిపివేసినవి. మన దేశంలో 2006 నుండి ఆటగాళ్ళ సంఘం కలదు. మా అభిప్రాయంలో ఆ సంఘం ముందుగా పట్టుబట్టవలసినది ఒకటే: ఒక సీజన్ జీతాల మొత్తాన్ని ముందుగా బ్యాంకులో జమచేయని క్లబ్బును మైదానంలోనికి రానీయరాదు. ఆ జమలో మైదానపు సిబ్బంది కూలి కూడ చేరవలెను. మన వంతుగా, క్రీడాకారుల కోటాలో చేరి గాయపడిన పిదప సెలవు, వైద్యఖర్చు, పదోన్నతి నిరాకరింపబడిన రైల్వే, తపాలా సోదర సోదరీమణుల వివరాలను ఆయా శాఖల కార్యదర్శులు వ్రాతమూలకంగా మాకు పంపవలెనని కోరుచున్నాము.