కార్డుపై పేరు - అప్పునకు బాధ్యత

ప్రామిసరీ నోటుపై స్టాంపు అంటించి సంతకము చేసినవాడే బాకీదారుడని గ్రామములయందు ఎల్లరకును తెలియును. జామీనుదారు డుండెనేని అతని సంతకమును ఆ కాగితముననే యుండును. క్రెడిట్ కార్డు విషయమున ఈ స్పష్టత లేదు. లెక్క ఒకరి పేర, కార్డు మరియొకరి చేత. ఒకే లెక్కపై భార్య పేర, కుమారుని పేర అదనపు కార్డులు వచ్చుచున్నవి. ఎవరి పేరు కార్డుపై నచ్చైయున్నదో వారే బాధ్యులని తలచువారు పెక్కుమంది కలరు. అది పొరపాటు.

2022 ఏప్రిల్ 21వ తేదీని రిజర్వు బ్యాంకు ప్రకటించిన ఆదేశములలో, అదనపు కార్డును అసలు కార్డుదారుడు పేర్కొనిన వ్యక్తికే యీయవలె ననియు, బాధ్యత అసలు కార్డుదారునిదే యనియు విధింపబడినది. అనగా హైదరాబాదున చదువుకొను కుమారుడు కొనిన వస్తువులకు తెనాలిలోని తండ్రి చెల్లింపవలసినదే. తండ్రి చేసిన వ్యయమునకు మాత్రము, అదనపు కార్డుపై తన పేరుండుటచేతనే కుమారుడు బాకీదారుడు కాడు.

తండ్రి మరణించినచో నేమి? చిక్కంతయు ఇచ్చటనే కలదు. పితృఋణము తీర్చుట పుత్రధర్మమను భావము మన కుటుంబములలో మిక్కిలి బలమైనది. దానిని మేము తక్కువ చేయజాలము. కాని ధర్మము వేరు, దావా వేరు. హిందూ వారసత్వ చట్టమునకు జరిగిన సవరణ ననుసరించి, 2005 సెప్టెంబరు 9వ తేదీ తరువాత చేసిన ఋణములకు ఈ పుత్రధర్మమొక్కటే ఆధారముగ కుమారునిపై గాని మనుమనిపై గాని మునిమనుమనిపై గాని వ్యవహారము నడుపు హక్కును న్యాయస్థానములు గుర్తింపరాదు. తండ్రి విడిచిన ఆస్తి మాత్రము అప్పునకు లోబడియే యుండును. మృతునిపై డిక్రీ యున్నను, 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 50వ సెక్షను ప్రకారము, వారసుడు తన చేతికి వచ్చిన ఆస్తిమేరకే బాధ్యుడు. రెండెకరములు వచ్చెనా, ఆ రెండెకరముల వెలమేరకే. అతని స్వార్జితము జోలికి పోరాదు.

ఈ భేదము నెరుగని కుటుంబము వసూలుదారుని మాటకు జడియును. బాకీదారుని కుటుంబసభ్యుల జోలికి పోవుట, బెదిరించుట, అబద్ధపు మాటలతో మభ్యపెట్టుట కూడదని 2022 నాటి ఆదేశములే నిషేధించినవి. భర్తను కోల్పోయిన స్త్రీకి ఈ నిషేధమును ఎవరు చదివి వినిపింతురు? పరువునకు భయపడి ఆమె క్రొత్త కాగితముపై సంతకము చేసినచో, తనది కాని బాకీని తన తలకెత్తుకొను ప్రమాదము కలదు. అట్టి కాగితమును వకీలునకు చూపక సంతకము చేయరాదని మా సలహా.

బ్యాంకులనుండి మేము కోరునది పెద్ద సంస్కరణము కాదు. అదనపు కార్డు దరఖాస్తున సంతకమునకు పైననే “ఈ అప్పునకు బాధ్యుడు ఫలానివాడు” అని ముద్రింపవలెను. నెలసరి బిల్లులో ఏ కార్డుపై ఎంత వ్యయమైనదో వేరువేరుగ చూపవలెను. కార్డుదారుడు మరణించినట్లు తెలిసినంతనే వారసుల బాధ్యత యెంతవరకో వ్రాతమూలకముగ తెలుపవలెను. ఇవన్నియు తెలుగుననే జరుగవలెను. కార్డు షరతులు ఆంగ్లము, హిందీ, స్థానికభాషలయందు ఉండుట “మేలు” అని మాత్రమే 2022 నాటి ఆదేశములు పలికినవి. “తప్పదు” అని పలుకలేదు. ఆ సందుననే తెలుగు జారిపోవుచున్నది. వ్యయమగునని బ్యాంకులు సాకు చెప్పజాలవు. కార్డు తీసికొనుడని మనలను పిలుచు ప్రకటనలు తెలుగుననే వచ్చుచున్నవి గదా!