చెరిపిన పేర్లకు సాక్ష్యమేది?

పాఠశాల ప్రతిష్ఠ అంకెలపై నాధారపడినచోట, ఆ యంకెలను వ్రాయువారే వానికి సాక్షులై యుండుట క్షేమకరము కాదు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున హూస్టను నగరమునందలి యుదంతమే యిందుకు నిదర్శనము. అచ్చట చదువు మానువారు తగ్గినకొలది ప్రధానోపాధ్యాయులకు మెప్పును, పారితోషికమును లభించుచుండెను. 2001-02లో షార్ప్‌స్టౌను ఉన్నత పాఠశాలను 463 మంది విడిచిపోయిరి. చదువు మానినవారి సంఖ్య మాత్రము సున్నయని లెక్క చూపిరి! 2003లో రాష్ట్రాధికారులు ఆ నగరమున 16 పాఠశాలల పద్దులు తనిఖీ చేయగా, బడి విడిచిన సుమారు 5,500 మందిలో సగమునకు మించి చదువు మానినవారుగా వ్రాయదగినవారని తేలినది.

2008లో ఆ దేశపు కేంద్ర విద్యాశాఖ యొక నిబంధన విధించినది. తొమ్మిదవ తరగతిలో చేరినవారిలో నాలుగేండ్లకు పట్టము పొందినవారెందరో లెక్కింపవలెను. వేరు బడికి మారెననియో, దేశము విడిచెననియో, మరణించెననియో లిఖితపూర్వకమైన యాధారమున్నగాని యే పేరును తొలగింపరాదు. నిరూపణభారము పాఠశాలపై నుంచిన యీ నియమము న్యాయమైనదే. అయినను కాలిఫోర్నియా లెక్కలను పరిశీలించిన కేంద్ర తనిఖీదారులు, తగిన యాధారము లేకయే కొందరి పేర్లు తొలగింపబడినవని 2018లో వెల్లడించిరి.

కావున నియమ మొక్కటి చాలదు. బడితో సంబంధము లేనివారు ఏటేట కొట్టివేసిన పేర్లలో కొన్నిటిని తీసి, ఆ యిండ్లకు పోయి విచారింపవలెను. తప్పు లెక్కవలన పాఠశాలకు కీర్తి కలుగవచ్చును. వెదకి పిలుచుకొని రావలసిన బాలుని మాత్ర మెవ్వరును వెదకరు. అసలు నష్టము వానిదే.