ఇంటి లోపలి గాలి ఎవరి బాధ్యత?

నిజామాబాద్‌లో గాలి కాలుష్యం మాట వస్తే మన చూపు రోడ్ల దుమ్ముపైకి, చెత్త కుప్పల పొగపైకి, కోతల తరువాత పొలాల్లో తగలబెట్టే వరి కొయ్యకాళ్లపైకి పోతుంది. కానీ మన మహల్లాలలో బీడీలు చుట్టే మహిళలు రోజంతా పీల్చేది ఇంటి లోపలి గాలి. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, పక్కనే పసిబిడ్డ. ఆ గదిలోనే వంట, ఆ గదిలోనే నిద్ర.

పొగాకు ఉత్పత్తుల తయారీలో ముస్లిం శ్రామికుల వాటా అధికమని, ముస్లిం మహిళల్లో ఇంటి వద్ద చేసే పనులే ఎక్కువని 2006లోనే సచార్ కమిటీ తెలిపింది. అంతకు నలభై ఏళ్ల ముందే, 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం కార్ఖానా ఆవరణలో గాలి, వెలుతురు ఉండేలా చూసే బాధ్యతను యజమానిపై ఉంచింది. పని ఇంటికి తరలడంతో ఆ బాధ్యత యజమాని భుజం దిగి ఇల్లాలి నెత్తిన పడింది. లాభం అక్కడే ఉంది, ధూళి మాత్రం మన గదుల్లోకి వచ్చింది.

బోధన్ కథ వేరు కాదు. 1937లో స్థాపితమై, ఒకనాడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. శక్కర్‌నగర్ చిమ్నీ చల్లారినంత మాత్రాన గాలి బాగుపడిందనుకోలేము. చెరకు తగ్గి వరి పెరిగిన చోట కొయ్యకాళ్ల పొగ, రైస్ మిల్లుల ఊక బూడిద ఉన్నాయి. పోయింది జీతం, మిగిలింది పొగ.

సూక్ష్మ ధూళి కణాలకు (పీఎం 2.5) మన దేశం 2009లో నిర్ణయించిన వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5 మాత్రమే. ఆ 40 కూడా బయటి గాలికే. ఇంటి లోపలి గాలికి చట్టబద్ధమైన ప్రమాణమే లేదు. 2019లో ఆరంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమపు నగరాల జాబితాలో నిజామాబాద్ లేదు.

అయినా సాయం కోరే దారులు ఉన్నాయి. మిల్లు పొగ, బూడిదపై కాలుష్య నియంత్రణ మండలికి తేదీలు, ఫొటోలతో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి. సోమవారం ప్రజావాణిలో అదే అర్జీని కలెక్టర్‌కు ఇవ్వాలి. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తునైతే 25,000 రూపాయలు జరిమానా విధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే ఆదేశించింది; దీనిని మున్సిపల్ అధికారులకు గుర్తుచేయాలి. నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవో వంటి కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ప్రజాబాధకమైన పొగను ఆపించగలరు. ట్రిబ్యునల్‌కే వెళ్లదలిస్తే ఆరు నెలల లోపు వెళ్లాలి. వకీలు ఖర్చుకు భయపడవలసిన పని లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయసహాయం హక్కు. 15100కు ఫోను చేస్తే చాలు.

ఇంటి లోపలి గాలికి మాత్రం ఇటువంటి ద్వారం ఇంకా తెరుచుకోలేదు. దానిని తెరిపించడమే మన కార్యకర్తల కర్తవ్యం. బీడీ పని మానుకొమ్మని ఎవరూ ఉపదేశించనవసరం లేదు. ఆ కూలితోనే పొయ్యి వెలుగుతోంది. అడగవలసింది ఇది: బీడీ చుట్టే ఇల్లు పనిస్థలమని ప్రభుత్వం అంగీకరించాలి. గాలి ఆడే సామూహిక పనిశాలలను కంపెనీల ఖర్చుతో ప్రతి బస్తీలో కట్టించాలి. గుర్తింపు కార్డు ఉన్నా లేకున్నా ప్రతి బీడీ కార్మికురాలికి ఏటా ఊపిరితిత్తుల పరీక్ష జరపాలి. బోధన్‌లో గాలిని కొలిచి, ఆ లెక్కలను తెలుగులో, ఉర్దూలో ప్రకటించాలి.

మస్జిద్ కమిటీలు, మహిళా సంఘాలు ఈ నెలలోనే తమ మహల్లాలో బీడీ చుట్టే ఇళ్లెన్ని, వాటిలో కిటికీ లేని గదులెన్ని అని లెక్క తీయగలవు. ఆ కాగితం చేతిలో ఉంటే అధికారి ముందు మన మాటకు బరువు ఉంటుంది. 1991లో సుప్రీంకోర్టు కాలుష్యరహితమైన గాలిని జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ హక్కు గుమ్మం బయటే ఆగిపోరాదు.