వ్యసనపరుడు - శిక్ష - చికిత్స

‘వ్యసనం’ అనే పదానికి చెడు అలవాటు అనే అర్థంతో పాటు ఆపద అనే అర్థం కూడా ఉంది. మాదకద్రవ్యాల విషయంలో సమాజం మొదటి అర్థాన్నే పట్టుకొని, రెండవదానిని మరచింది. హెరాయిన్‌కు బానిసైన యువకుణ్ణి చూడగానే పోలీసులు గుర్తుకు వస్తారు గాని వైద్యుడు గుర్తుకు రాడు.

మన చట్టం అంత కఠినమైనది కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం హెరాయిన్, కొకైన్ వంటి వాటిని సేవించినవారికి ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. అదే చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. స్వల్ప పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ గుర్తింపు గల ఆసుపత్రిలో చికిత్స పొందితే అతనిపై విచారణ ఉండదు. చికిత్సను మధ్యలో మానివేస్తే ఆ రక్షణ తొలగిపోవచ్చు. ఎంతో ఉదారమైన ఈ నిబంధన గురించి ఎందరు తల్లిదండ్రులకు తెలుసు? తెలియని రక్షణ లేని రక్షణతో సమానమే కదా! పరువు పోతుందని, కేసు పెడతారని భయపడి వారు బిడ్డను ఇంట్లోనే దాచుకుంటారు.

ఈ భయాన్ని తొలగించడానికి పోర్చుగల్ ఒక మార్గం అనుసరించింది. 1990 దశకంలో ఆ దేశ జనాభాలో నూటికి ఒకరు హెరాయిన్ వాడుతున్నట్లు అంచనా. 2001 జులై నుండి పది రోజుల సొంత వాడకానికి మించని మత్తుపదార్థం కలిగి ఉండడం అక్కడ జైలుశిక్షకు తగిన నేరం కాదు. పట్టుబడినవాడు న్యాయ, వైద్య, సామాజిక సేవా రంగాలకు చెందిన సభ్యుల సంఘం ముందుకు వెళ్ళాలి. వారు అతనికి చికిత్సా మార్గం చూపుతారు. అమ్మకం మాత్రం నేరమే. తరువాతి సంవత్సరాలలో సూదుల ద్వారా మత్తు తీసుకునేవారిలో కొత్తగా హెచ్.ఐ.వి. సోకడం బాగా తగ్గింది. అయితే 2012లో ఆర్థిక సంక్షోభం వల్ల ఆ చికిత్సా వ్యవస్థను కుదించారు. ఆ తరువాత పోర్టో నగర వీధులలో బహిరంగంగా మత్తు వాడకం మళ్ళీ చర్చకు వచ్చింది. శిక్ష తొలగించినంత మాత్రాన సరిపోదని, ఆసుపత్రి నిలబడాలని దీనివల్ల తెలుస్తున్నది.

చికిత్స అంటే నాలుగు మంచిమాటలు చెప్పి పంపడం కాదు. మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ అనే మందులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. వీటిని నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏళ్ళ తరబడి వాడవలసి ఉంటుంది. మధ్యలో రోగి మళ్ళీ మత్తులో పడవచ్చు. మధుమేహం తిరగబెట్టినవాణ్ణి ఎవరూ దోషి అనరు. ఇతణ్ణి మాత్రం అంటారు.

మనకు 14446 అనే ఉచిత సహాయ నంబరు ఉంది. దానితో పాటు ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఈ మందులు, శిక్షణ పొందిన వైద్యుడు ఉండాలి. 64ఎ సెక్షన్‌ను తేట తెలుగులో వ్రాయించి పోలీసు స్టేషన్లలోనూ, కళాశాలల ప్రకటన ఫలకాల మీదా అంటించాలి.