నీర్జా పుట్టింటి తలుపు



సెప్టెంబర్ 5 అనగానే మన బడుల్లో టీచర్స్ డే హడావుడి. పదో తరగతి అమ్మాయిలు అమ్మ చీర కట్టుకొచ్చి చిన్న క్లాసులకు పాఠాలు చెప్పేస్తుంటారు. 1986లో అదే తేదీన కరాచీ విమానాశ్రయంలో 22 ఏళ్ళ మన దేశపు అమ్మాయి ఒకామె ఉగ్రవాదుల తూటాలకు బలైంది. ఇంకో రెండు రోజులు గడిస్తే ఆమెకు 23 నిండేవి. పేరు నీర్జా భనోత్. 2016లో సోనమ్ కపూర్ నటించిన హిందీ సినిమా వల్ల ఈ పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

తెలియని పిల్లల కోసం క్లుప్తంగా చెబుతాను. బొంబాయి నుంచి కరాచీ, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా న్యూయార్క్ వెళ్ళాల్సిన పాన్‌యామ్ 73 విమానం అది. తెల్లవారుజామున కరాచీలో ఆగి ఉండగా, సెక్యూరిటీ సిబ్బంది వేషంలో నలుగురు సాయుధులు ఎక్కారు. క్యాబిన్ సిబ్బంది ఇచ్చిన హెచ్చరికతో పైలట్లు కాక్‌పిట్ పైభాగంలోని ద్వారం గుండా దిగిపోవడంతో విమానం ఇక ఎగరలేకపోయింది. లోపల మిగిలిన సిబ్బందిలో పెద్ద బాధ్యత పర్సర్‌గా ఉన్న నీర్జాదే. పాస్‌పోర్టులన్నీ పోగుచేయమని హైజాకర్లు ఆదేశించారు. వాళ్ళు వెతుకుతున్నది అమెరికన్లను అని అర్థమై, సిబ్బంది ఆ పాస్‌పోర్టులను సీట్ల కిందా అక్కడా ఇక్కడా దాచేశారు. దాదాపు 17 గంటల తర్వాత విమానంలో దీపాలు ఆరిపోయాయి, కాల్పులు మొదలయ్యాయి. నీర్జా అత్యవసర ద్వారం తెరిచి ప్రయాణికులను బయటికి పంపుతూ, పిల్లలను కాపాడబోయి ప్రాణాలు వదిలింది. ఇరవై మందికి పైగా చనిపోయినా కొన్ని వందల మంది బతికి బయటపడ్డారు. ఆమె ఒక్కతే అంతా చేసిందని చెప్పడం మిగతా సిబ్బందికి అన్యాయం. వాళ్ళూ తమ పని వదల్లేదు. మన ప్రభుత్వం ఆమెకు అశోకచక్ర ప్రకటించింది. ఆ పురస్కారం పొందిన మొదటి మహిళ ఆమే.

పిల్లలకు మనం చెప్పే కథ సాధారణంగా ఇక్కడితో అయిపోతుంది. అసెంబ్లీలో చప్పట్లు కూడా ఇక్కడే పడతాయి. నా ఉద్దేశంలో పిల్లల కంటే మనం, అంటే పెద్దవాళ్ళం, తెలుసుకోవాల్సిన భాగం అంతకు ఏడాదిన్నర ముందు జరిగింది.

1985 మార్చిలో నీర్జాకు పెళ్ళయింది. పెద్దలు కుదిర్చిన సంబంధమే. అబ్బాయి గల్ఫ్‌లో ఉద్యోగం. కాపురానికి వెళ్ళిన కొద్ది రోజులకే కట్నం పేరుతో వేధింపులు మొదలయ్యాయి. మోడలింగ్ పని ఒకటి ఒప్పుకుని ఉండడంతో, రెండు నెలలకు అది పూర్తి చేయడానికి బొంబాయి వచ్చింది. మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. తల్లి రమ, తండ్రి హరీష్ భనోత్ కూతుర్ని ఇంట్లో ఉంచుకున్నారు. ఆయన హిందుస్థాన్ టైమ్స్‌లో పాత్రికేయుడు. ఆ తర్వాతే ఆమె పాన్‌యామ్‌కు దరఖాస్తు పెట్టి, ఎంపికై, అమెరికాలోని మయామీలో శిక్షణ తీసుకుంది.

ఇది 1985 నాటి మాట. రెండు నెలలకే తిరిగొచ్చిన అమ్మాయి గురించి చుట్టాలు ఏమనుకుని ఉంటారో తెలుగువాళ్ళకు ఎవరూ వివరించనక్కర్లేదు. "ఆడపిల్లన్నాక సర్దుకుపోవాలి", "ఒక బిడ్డ పుడితే అన్నీ అవే సర్దుకుంటాయి", "నలుగురికీ ఏం ముఖం చూపిస్తాం". ఈ మూడు మాటలూ ఇవాళ్టికీ మన గేటెడ్ కమ్యూనిటీల్లో, మన వాట్సాప్ గ్రూపుల్లో బతికే ఉన్నాయి. కట్నం అనే మాట మాత్రం కాస్త మోటైపోయింది. దాని బదులు "మాకేం వద్దండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటే అది" అంటారు. 1961లోనే కట్న నిషేధ చట్టం వచ్చిన దేశం మనది!

కాపురం చేసుకుంటూ ఉండిపోతే ఆ అమ్మాయి బతికి ఉండేది కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. ఇల్లు దానంతటదే క్షేమమైన చోటని నమ్మితేనే ఆ మాటకు అర్థం. మన దేశంలో 2022లో ఆరు వేలకు పైగా వరకట్న మరణాలు నమోదయ్యాయి. వాళ్ళలో ఎందరు ముందుగా పుట్టింటికి ఫోన్ చేసి ఉంటారో, ఏ జవాబు విని ఉంటారో ఆలోచించండి.

మీ అమ్మాయి ఫీజు కోసం మీరు పడే పాట్లు నేను చూస్తూనే ఉంటాను. ఒలింపియాడ్ పరీక్షలకు, కరాటే క్లాసుకు, స్పోకెన్ ఇంగ్లీషుకు వెనకాడరు. పిల్లకు ధైర్యం రావాలని నాతో అనని తల్లి లేదు. అయితే ఆ ధైర్యం బయటివాళ్ళ మీదే చూపించాలి, పెళ్ళయ్యాక మాత్రం దాచుకోవాలి అన్నట్టు పెంచితే అది ఆమెకు ఎందుకు పనికొస్తుంది? నీర్జా విషయంలో ఆ రెండూ వేరువేరు కాలేదు. అన్యాయమనిపించిన చోట ఉండనన్న అమ్మాయే, అవసరమైన చోట విమానం వదిలి దిగనంది. మొదటి సందర్భంలో ఆమె వెనక అమ్మానాన్న నిలబడ్డారు. అబ్బాయిల తల్లిదండ్రులకూ ఇందులో పాత్ర ఉంది. అడిగేవాళ్ళు లేకపోతే పెట్టేవాళ్ళు ఉండరు కదా. పెళ్ళిచూపుల్లో ఏం మాట్లాడాలో మీ అబ్బాయి నేర్చుకునేది మీ హాల్లో కూర్చుని పెద్దలు మాట్లాడుకునే మాటల నుంచే.

నాలుగైదు తరగతుల పిల్లలకు హైజాక్ సంగతి చెప్పాలా వద్దా అని కొందరు అడుగుతుంటారు. రక్తపాతం వర్ణించకుండా చెబితే చాలు. పాస్‌పోర్టులు దాచిన సంగతి చెప్పండి, వాళ్ళకు బాగా నచ్చుతుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకైతే పెళ్ళి సంగతి కూడా చెప్పండి. అమ్మాయికీ అబ్బాయికీ ఇద్దరికీ, ఒకేచోట కూర్చోబెట్టి. సెప్టెంబర్ 7న నీర్జా పుట్టినరోజు, దానికి ఆ రోజే మంచిది.

కూతురు పోయాక వచ్చిన బీమా డబ్బు, పాన్‌యామ్ ఇచ్చిన మొత్తం కలిపి భనోత్ దంపతులు ఒక ట్రస్టు పెట్టి రెండు అవార్డులు ఏర్పాటు చేశారు. ఒకటి విధి నిర్వహణలో హద్దు దాటి సాహసం చూపిన విమాన సిబ్బందికి. రెండోది కట్నం వంటి అన్యాయాలను ఎదిరించి నిలిచి, అలాంటి కష్టంలో ఉన్న మరో స్త్రీకి చేయి అందించిన భారతీయ మహిళకు. మొదటి దాని గురించి పిల్లలు క్విజ్‌లలో చెబుతుండగా విన్నాను. రెండో దాని గురించి ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు.