ఆ నవ్వులో మా వాటా

మేం అంటే ఎవరో ముందు చెప్పాలి. 1990ల చివర్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పట్టుకుని అమెరికా చేరిన తెలుగువాళ్ళం. 2007 సెప్టెంబరులో సీబీఎస్ ఛానెల్లో ‘ద బిగ్ బ్యాంగ్ థియరీ’ మొదలయ్యేనాటికి మాకు ఇళ్ళూ కార్లూ అమిరాయి. ఆ సీరియల్లో నలుగురు కుర్ర సైంటిస్టులు. అందులో ఒకడు ఢిల్లీ నుంచి వచ్చిన రాజ్. ఆడపిల్ల ఎదురుగా ఉంటే, మందు పడితే తప్ప వాడికి నోరు పెగలదు. వాడు నోరు తెరిస్తే స్టూడియోలో జనం నవ్వేవారు. వాళ్ళకంటే ముందు మేం నవ్వేవాళ్ళం. సోమవారం రాత్రి చూసి, మర్నాడు ఆఫీసులో తెల్లవాళ్ళు ఆ మాట ఎత్తకముందే మేమే ఎత్తి, మా యాసను ఇంకాస్త సాగదీసి మరీ నవ్వించేవాళ్ళం. మాకు రోషం లేదనీ, కలిసిపోయే రకమనీ వాళ్ళకు తెలియాలి కదా!

ఆదివారం మా ఇళ్ళల్లో భోజనాల దగ్గర మాత్రం వేరే రాగం. “డబ్బుకోసం మన పరువు తీస్తున్నాడు” అని రాజ్ వేషం కట్టిన కునాల్ నయ్యర్‌ను తిట్టుకునేవాళ్ళం. 2015లో ఫోర్బ్స్ పత్రిక అతని ఏడాది సంపాదన 2 కోట్ల డాలర్లని లెక్క కట్టింది. ఆ వారం అతను మనవాడైపోయాడు.

అతని దారి మా దారికి పెద్ద దూరమేమీ కాదు. లండన్‌లో పుట్టి, ఢిల్లీలో పెరిగి, 1999లో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కు వచ్చాడు. వచ్చింది బిజినెస్ చదవడానికే. అక్కడే నటన రుచి మరిగాడు. తర్వాత ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీలో నటనలో మాస్టర్స్ చేశాడు. విదేశీ విద్యార్థిగా వచ్చి ఆ పని చేయడానికి ఎంత గుండె కావాలో వీసా కాగితాలు మోసిన మాకు తెలియంది కాదు. టీవీలో అతనికి ముందుగా దొరికిన వేషాల్లో ఒకటి, ‘ఎన్‌సీఐఎస్’లో, ఇరాక్ టెర్రరిస్టుది. ఆ ఏడాదే రాజ్. ఆ రంగు మనిషికి అప్పుడు టీవీలో తెరిచివున్న వాకిళ్ళు దాదాపు రెండే. భయపెట్టాలి, లేదా నవ్వించాలి. ఎంతమంది అడిగి విసిగించారో గానీ, 2015లో రాసిన పుస్తకానికి తన యాస నిజమైనదేనని చెప్పే పేరే పెట్టుకున్నాడు. మేం కూడా అడిగినవాళ్ళలోనే ఉన్నాం. “వాడు కావాలనే అలా మాట్లాడతాడు” అని తేల్చేసింది మేమే.

మొదటి సీజన్ ఎనిమిదో ఎపిసోడ్ ఇప్పటికీ నాకు మింగుడుపడదు. రాజ్ అమ్మానాన్నలు ఢిల్లీలో కూర్చుని వెబ్‌క్యామ్‌లోంచే పెళ్ళిచూపుల్లాంటివి కుదురుస్తారు. లలితా గుప్తా అనే అమ్మాయి వస్తుంది. నలుగురిలో ఇంకొకడైన షెల్డన్ ఆమెను చూసి, చిన్నప్పుడు తాను విన్న కథలోని పాంచాలి రాకుమారిలా ఉందని మురిసిపోతాడు. పాంచాలి! ‘పాండవోద్యోగ విజయాలు’ నాటకం పద్యాలకు వన్స్‌మోర్ కొట్టిన ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళం మేం. ద్రౌపది అక్కడ కోతీ రాకుమారీ ఉండే పిల్లల కథలో బొమ్మైపోతే, దానికీ నవ్వాం. చివరికి ఆ అమ్మాయి రాజ్‌ను అక్కడే వదిలేసి షెల్డన్‌తో భోజనానికి వెళ్ళిపోతుంది.

ఆ లలిత వేషం వేసిన నటి సరయు రావు. తర్వాత సరయు బ్లూ అయింది. వెల్చేరు నారాయణరావు, నిడదవోలు మాలతి గార్ల కూతురు. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో పుట్టింది. నారాయణరావు గారి ‘తెలుగులో కవితా విప్లవాల స్వరూపం’ మీద అర్ధరాత్రి దాకా వాదించుకున్న మా సాహిత్య బృందంలో, మాలతి గారి కథలు వంతులవారీగా చదువుకున్న అదే బృందంలో, ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. ఢిల్లీ నుంచి వచ్చిన కుర్రాడూ తెలుగు రచయిత్రి కూతురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని అమెరికా ముందు నటిస్తుంటే, మేం ఎదురుగా సోఫాలో కూర్చుని యాసలు లెక్కపెట్టాం.

2018లో ఎన్‌బీసీ ఛానెల్ ఆమెను ‘ఐ ఫీల్ బ్యాడ్’ సీరియల్లో ప్రధాన పాత్రకు తీసుకుంది. 13 ఎపిసోడ్లతో ఆగిపోయింది. మేం చూసివుంటే నిలబడేదని అనను, టీవీ లెక్కలు వేరు. కానీ చూడలేదు. ఆ రోజుల్లోనే నేను హైదరాబాదు నుంచి వచ్చిన ఒక సినిమా హీరో పక్కన నిలబడి ఫొటో దిగడానికి డబ్బు కట్టాను. ఫొటోలో నా కళ్ళు మూసుకుని ఉన్నాయి.

అంతకు ముందటేడు, 2017లో, తెలుగింటి పిల్లాడు హరి కొండబోలు ‘ది సింప్సన్స్’ కార్టూన్ సీరియల్లో కిరాణా కొట్టు నడిపే భారతీయుడు అపూ పాత్ర గురించి డాక్యుమెంటరీ తీశాడు. 1990 నుంచీ ఆ కిరాణా కొట్టువాడికి గొంతు అరువిచ్చింది హాంక్ అజారియా అనే తెల్ల నటుడు. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన “ఈ పిల్లకాయకు పనేం లేదా, జోకును జోకులా తీసుకోలేడా?” అని పెట్టాడు. పద్దెనిమిది బొటనవేళ్ళు లేచాయి. అందులో నాదొకటి. 2020లో అజారియా ఆ గొంతు మానేశాడు. మా బొటనవేళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

2019 మేలో, 279 ఎపిసోడ్ల తర్వాత, రాజ్ కథ ముగిసింది. మిగతా ముగ్గురికీ పెళ్ళిళ్ళయ్యాయి, వీడొక్కడే మిగిలాడు. మరుసటేడు నెట్‌ఫ్లిక్స్ ‘క్రిమినల్’లో నయ్యర్ హంతకుడిగా కనిపిస్తే, “ఇతనిలో ఇంత నటుడున్నాడా!” అని ఆశ్చర్యపోయాం. పన్నెండేళ్ళు చూశాం మరి.

యాస ఏం చేస్తుందో తెలియని అమాయకులమా మేం? మన సినిమాల్లో తెలంగాణ యాస ఎన్నేళ్ళు రౌడీకీ కమెడియన్‌కీ మాత్రమే పరిమితమైందో, శ్రీకాకుళం యాస పనిమనిషి నోట్లోనే ఎందుకుండేదో మాకెవరూ చెప్పక్కర్లేదు. టికెట్టు కొని నవ్వాం. ఆ నవ్వును పెట్టెలో సర్దుకుని ఇక్కడికీ తెచ్చుకున్నాం.

మొన్న సంక్రాంతికి మా ఊరి తెలుగువాళ్ళ కార్యక్రమంలో పిల్లల నాటిక రాసింది నేనే. అందులో ఒక పనిమనిషి ఉంది. ఇక్కడే పుట్టిన పదకొండేళ్ళ పాప ఆ వేషానికి ఒప్పుకుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చిన డైలాగులు కూడబలుక్కుని చదివి, తలెత్తి అడిగింది: “అంకుల్, అందరూ ఒకలా మాట్లాడుతుంటే ఈవిడొక్కతే ఇలా ఎందుకు మాట్లాడుతోంది?”

“నవ్వొస్తుందమ్మా” అన్నాను.